విశాఖలో పీహెచ్‌డీ ముగించి విదేశంలో విండ్ ఎనర్జీ ఉద్యోగానికి: ఏ పని ముందు, ఏ పని వెనక

పట్టా చేతికొచ్చాక ఉద్యోగం వెతుకుదామనుకునేవాళ్లు ఊరికే ఓ ఏడాది పోగొట్టుకుంటారు. ఉద్యోగం వచ్చేసింది కదా, థీసిస్ అక్కడికెళ్లి రాసుకుందాం అనుకునేవాళ్లలో చాలామంది ఇక రాయనే రాయరు. ఈ రెంటికీ మధ్య ఒక వరుస ఉంది. థీసిస్ సమర్పించడానికి ఆరేడు నెలల ముందే దరఖాస్తులు మొదలుపెట్టాలి, సమర్పించాకే విమానం ఎక్కాలి. పట్టా కాస్త వెనకగా వచ్చినా ఫర్వాలేదు, చాలా దేశాల వర్క్ వీసాకు అది అక్కర్లేదు కూడా.

ఆంధ్రా యూనివర్సిటీలోనో గీతంలోనో మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్, మెరైన్ ఇంజనీరింగ్, మీటియరాలజీ-ఓషనోగ్రఫీ విభాగాల్లో చివరి ఏడాదిలో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

థీసిస్: ఆలస్యం ఎక్కడ జరుగుతుంది

2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2 ఏళ్లు, మహిళలకు ఆపైన మరో 2 ఏళ్లు దొరుకుతాయి. పేపర్లు తప్పనిసరి అనే షరతును యూజీసీ తీసేసింది. అయితే మీ యూనివర్సిటీ సొంత రూల్స్‌లో అది ఇంకా ఉండొచ్చు కాబట్టి రీసెర్చ్ సెక్షన్‌లో అడిగి రూల్ కాపీ తెచ్చుకోండి. సీనియర్ చెప్పిన మాట మీద నడవకండి, ఆయన పాత బ్యాచ్ కావచ్చు.

సమర్పించాక థీసిస్ గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లకు వెళ్తుంది. వీలైతే అందులో ఒకరు విదేశంలో ఉన్నవారై ఉండాలి. వైవా ఫలితంతో సహా మొత్తం ఆరు నెలల్లో తేలిపోవాలని నిబంధన. ఆచరణలో ఆగిపోయేది ఒకే చోట: ఎగ్జామినర్ మెయిల్ చూడడు, ఆ సంగతి ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. ఆ పేర్లు మీకు తెలియవు, తెలియకూడదు కూడా. అయినా పంపిన థీసిస్‌కు ఒప్పుకోలు వచ్చిందా లేదా అని మూడు వారాలకోసారి సెక్షన్‌లో అడిగే హక్కు మీకుంది. ప్యానెల్ పేర్లు ఇచ్చేటప్పుడు పనిచేస్తున్న ఈమెయిల్స్ చూసి ఇమ్మని గైడ్‌ను ముందే కోరండి. రిటైరైపోయిన ప్రొఫెసర్ల పాత యూనివర్సిటీ మెయిళ్లే సగం ఆలస్యాలకు కారణం.

ప్లేజరిజం రిపోర్టులో 10 శాతం వరకు ఇబ్బంది లేదు. చిక్కు వచ్చేది మీరు ప్రచురించిన పేపర్లే థీసిస్‌లో అధ్యాయాలుగా ఉన్నప్పుడు. సాఫ్ట్‌వేర్‌కు అవి మీవని తెలియదు, 40 శాతం చూపించినా ఆశ్చర్యం లేదు. మీ పేపర్లను మినహాయించి రిపోర్టు తీయించుకుని, అవి మీవేనని గైడ్ సంతకంతో పత్రం జతచేయాలి. ఈ పని సమర్పించే వారంలో కాదు, నెల ముందు చేయండి.

వైవా ఆన్‌లైన్‌లో పెట్టే వీలుందో లేదో సమర్పించే రోజే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. లేదంటే కొత్త ఉద్యోగంలో చేరిన రెండో నెలలో సెలవు పెట్టి, లక్ష రూపాయల టికెట్ కొనుక్కుని వైవాకు రావాలి. వైవా అయ్యాక అడగాల్సింది ప్రొవిజనల్ సర్టిఫికెట్. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కోసం కాన్వొకేషన్ దాకా ఎదురుచూడక్కర్లేదు. నిబంధనల ప్రకారమే పీహెచ్‌డీ ఇచ్చామన్న వాక్యం ప్రొవిజనల్‌లో ఉందో లేదో కౌంటర్ దగ్గరే చదివి చూసుకోండి. నో డ్యూస్ కోసం లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్ సంతకాలు సమర్పణకు ముందే ముగించేయండి.

ఇంటిపేరు గొడవ

మన దగ్గర పత్రాలు తిరిగొచ్చేది ఎక్కువగా దీనివల్లే, అందుకే కాస్త ఆగి చెప్పాలి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. బీటెక్‌లో ఒక్క అక్షరం అవుతుంది. పేపర్లలో మీరే తిప్పి రాసి ఉంటారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం గివెన్ నేమ్‌లో పెట్టేసినవాళ్లు కూడా ఉన్నారు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో గుమస్తాకు ఇవి నాలుగు వేర్వేరు మనుషుల పత్రాల్లా కనిపిస్తాయి.

చేయాల్సింది ఇలా. టెన్త్ సర్టిఫికెట్‌ను మూలంగా పెట్టుకుని పాస్‌పోర్టును దానికి సరిపోల్చండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే విశాఖ పాస్‌పోర్టు కేంద్రంలో రీ-ఇష్యూకు పెట్టండి. వీసా వచ్చాక పాస్‌పోర్టు మారిస్తే రెండూ మళ్లీ మొదటికొస్తాయి కాబట్టి ఈ పని అన్నిటికన్నా ముందు. తర్వాత, థీసిస్ మీద, ప్రొవిజనల్ దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. యూనివర్సిటీ రిజిస్ట్రేషన్‌లో ఇనిషియల్ మాత్రమే ఉంటే మార్పుకు అర్జీ ఇప్పుడే పెట్టాలి, పట్టా ప్రింటయ్యాక కాదు. పాత బీటెక్, ఎంటెక్ పట్టాల్లో తేడాకు రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, దాని ఇంగ్లిష్ ప్రతి సరిపోతాయి. అన్ని చోట్లా పనిచేస్తుందని హామీ లేదు గానీ లేకపోవడం కన్నా నయం.

ఇంకోటి: టెన్త్ సర్టిఫికెట్‌ను ప్రేమగా లామినేట్ చేయించి ఉంటారు. అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల కోసం మన విదేశాంగ శాఖ ఇచ్చే ధ్రువీకరణ) స్టిక్కర్ పత్రం వెనక అంటిస్తారు, లామినేట్ చేసినదాన్ని వెనక్కి పంపేస్తారు. తీయడానికి ప్రయత్నిస్తే కాగితం చిరుగుతుంది, కాబట్టి బోర్డుకు డూప్లికేట్ కోసం దరఖాస్తు చేసుకోవడమే దారి.

మీ థీసిస్ ఏ కుర్చీకి సరిపోతుంది

విండ్ కంపెనీలో విండ్ ఎనర్జీ ఇంజనీర్ అనే ఉద్యోగం దాదాపు ఉండదు. లోడ్స్ (టర్బైన్ మీద పడే బలాలు), కంట్రోల్స్, బ్లేడ్ స్ట్రక్చర్, సైట్ అసెస్‌మెంట్ (ఆ చోట గాలి ఎంతో అంచనా), గ్రిడ్, ఫౌండేషన్, స్కాడా డేటా (నడుస్తున్న టర్బైన్ల రికార్డు) అని విడివిడి కుర్చీలుంటాయి. పవర్ ఎలక్ట్రానిక్స్ చేసినవాళ్లు గ్రిడ్ కోడ్ కంప్లయన్స్ (కరెంటు గ్రిడ్ నిబంధనలకు టర్బైన్ సరిపోతుందో చూడటం) వైపు చూడాలి, పీఎస్‌క్యాడ్, పవర్‌ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్లు వచ్చినవాళ్లకు అక్కడ కొరత ఎప్పుడూ ఉంటుంది. కాంపోజిట్స్ ఫెటీగ్ (పదేపదే పడే బలాలకు పదార్థం అలసిపోవడం) వాళ్లు బ్లేడ్‌కు, జియోటెక్ వాళ్లు మోనోపైల్ (సముద్రం అడుగున దిగ్గొట్టే ఒంటి ఉక్కు గొట్టం) ఫౌండేషన్‌కు వెళ్లొచ్చు. మీటియరాలజీ వాళ్లది సైట్ అసెస్‌మెంట్. వాస్ప్, విండ్‌ప్రో సాఫ్ట్‌వేర్ల పేర్లు ప్రతి ప్రకటనలో కనిపిస్తాయి. లోడ్స్‌లో ఓపెన్‌ఫాస్ట్, హాక్2, బ్లేడెడ్.

విశాఖలో ఉన్నందుకు ఒక లాభం ఉంది, దాన్ని ఇక్కడివాళ్లే వాడుకోరు. తుపాను గాలులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీదే తీరం దాటింది. టర్బైన్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400-1 నాలుగో ఎడిషన్‌లో తుపాను ప్రాంతాల కోసం టీ అనే క్లాస్ చేర్చారు, దాని రిఫరెన్స్ గాలి వేగం సెకనుకు 57 మీటర్లు. మామూలు క్లాస్ 1కి అది 50. తైవాన్, జపాన్ తీరాల్లో కడుతున్న ఆఫ్‌షోర్ ప్రాజెక్టులకు ఈ లెక్క తెలిసినవాళ్లు కావాలి. తీరప్రాంత గాలుల మీద థీసిస్ ఉంటే సీవీ పైభాగంలో పెట్టండి.

అయితే ఇక్కడ ఒక గుంట ఉంది. హుద్‌హుద్‌కు వాతావరణ శాఖ చెప్పిన గంటకు 180 కిలోమీటర్లు అంటే సెకనుకు 50 మీటర్లు, కాబట్టి క్లాస్ 1 టర్బైన్ సరిపోయేది అని రాస్తే ఇంటర్వ్యూ అక్కడితో సరి. వాతావరణ శాఖది 3 నిమిషాల సగటు, 10 మీటర్ల ఎత్తులో. ఐఈసీది 10 నిమిషాల సగటు, హబ్ (రోటర్ మధ్యభాగం) ఎత్తులో, 50 ఏళ్లకోసారి వచ్చేది. మొదట సగటు కాలం మార్చాలి, తర్వాత ఎత్తు మార్చాలి, ఒక్క తుపాను నుంచి 50 ఏళ్ల విలువ రాదని ఒప్పుకోవాలి. ఈఆర్‌ఏ5 డేటా (గత వాతావరణాన్ని మోడల్‌తో తిరిగి లెక్కగట్టినది) తీసుకుంటే ఇంకో జాగ్రత్త: దాని గ్రిడ్ సుమారు 31 కిలోమీటర్లు, అందుకే తుపాను కంటి చుట్టూ ఉండే గరిష్ఠ గాలిని అది బాగా తక్కువ చేసి చూపిస్తుంది. ఎంత తక్కువో కొలిచి చూపించడమే చిన్న పేపరవుతుంది.

చూపించడానికి ఒక పని

థీసిస్ 200 పేజీలు ఎవరూ చదవరు. రెండు వారాల్లో అయ్యే, ఎవరైనా తిరిగి నడిపి చూడగలిగే ఒక పని గిట్‌హబ్‌లో ఉండాలి. లోడ్స్ వైపు వెళ్లేవాళ్లకు మేలైనది ఐఈఏ 15 మెగావాట్ల రిఫరెన్స్ టర్బైన్ మీద ఫెటీగ్ లెక్క. రోటర్ వ్యాసం 240 మీటర్లు, హబ్ ఎత్తు 150 మీటర్లు. మోడల్, సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితం.

1. ఓపెన్‌ఫాస్ట్‌తో మొదలుపెట్టండి, కానీ సరికొత్త వెర్షన్ కాదు, మోడల్ ఫైళ్లతో పాటు చెప్పిన వెర్షనే. వెర్షన్ మారితే ఇన్‌పుట్ ఫైళ్లలో వరుసలు మారతాయి. ప్రోగ్రామ్ అర్థంకాని ఎర్రర్‌తో ఆగిపోతుంది, మీరు మూడు రోజులు మోడల్‌ను అనుమానిస్తారు. టర్బైన్‌ను అదుపు చేసే రాస్కో కంట్రోలర్ లైబ్రరీకీ ఇదే వర్తిస్తుంది.

2. టర్బ్‌సిమ్ ప్రోగ్రామ్‌తో కృత్రిమ గాలి ఫైళ్లు తయారుచేయండి. సెకనుకు 4 నుంచి 24 మీటర్ల వరకు 2 మీటర్ల అంతరంతో 11 వేగాలు, ఒక్కోదానికి 6 సీడ్‌లు (అదే వేగానికి వేర్వేరు యాదృచ్ఛిక గాలులు), మొత్తం 66 ఫైళ్లు. గ్రిడ్ రోటర్‌ను పూర్తిగా కప్పాలి, నేలలోకి దిగకూడదు. 264 మీటర్ల గ్రిడ్ పెడితే అడుగు 18 మీటర్ల దగ్గర ఆగుతుంది, బాగుంటుంది. తక్కువ వేగాల్లో గాలి ఫైలు మధ్యలో అయిపోతుంటే కారణం ఇది: గ్రిడ్ వెడల్పును గాలి వేగంతో భాగించినంత అదనపు సమయం కావాలి. 4 మీటర్ల వేగానికి అది 66 సెకన్లు.

3. ఒక్కోటి 660 సెకన్లు నడిపి మొదటి 60 సెకన్లు పారేయండి. రోటర్ ఆగిన స్థితి నుంచో తప్పు పిచ్ (బ్లేడ్ తిరిగి ఉండే కోణం) నుంచో మొదలైతే ఆ కుదుపు 60 సెకన్లలో తగ్గదు, అందుకే ప్రతి వేగానికీ సరైన ఆర్‌పీఎం, పిచ్ ముందే ఇవ్వాలి.

4. టవర్ అడుగు, బ్లేడ్ మొదలు దగ్గర మొమెంట్లకు రెయిన్‌ఫ్లో కౌంటింగ్ (హెచ్చుతగ్గులను చక్రాలుగా లెక్కపెట్టడం) చేసి, వాటన్నిటి నష్టానికి సమానమయ్యే ఒక్క లోడ్, అంటే డ్యామేజ్ ఈక్వివలెంట్ లోడ్ తీయండి. ఉక్కుకు ఘాతాంకం 4, గ్లాస్ ఫైబర్‌కు 10.

ఎక్కువమంది తప్పే చోటు నాలుగో మెట్టే. ఆరు సీడ్‌ల ఫలితాలను కూడి ఆరుతో భాగిస్తారు. డ్యామేజ్ లోడ్‌తో పాటు నేరుగా పెరగదు, దాని ఘాతంతో పెరుగుతుంది. కాబట్టి ఒక్కో విలువను 4వ లేదా 10వ ఘాతానికి ఎత్తి, ఆ గాలి వేగం ఎంత తరచుగా వస్తుందో చెప్పే వైబుల్ సంభావ్యతతో తూచి సగటు చేసి, చివర్లో మూలం తీయాలి. బ్లేడ్ విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు పద్ధతుల ఫలితాలనూ పక్కపక్కన ఒక పట్టికలో చూపించి, ఎందుకు తేడా వచ్చిందో నాలుగు వాక్యాలు రాస్తే, లోడ్స్ టీమ్ లీడ్‌కు మీ గురించి తెలియాల్సింది చాలావరకు తెలిసిపోతుంది.

సీవీ, ఇంటర్వ్యూ

రెండు పేజీలు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, చివర సంతకంతో డిక్లరేషన్, హాజరైన ప్రతి వర్క్‌షాప్ పేరు: ఇవన్నీ తీసేయండి. థీసిస్ శీర్షిక యథాతథంగా పెట్టకుండా, ఏం లెక్కగట్టారు, ఎంత తేడాతో, దేనితో పోల్చి సరిచూశారు అన్నది మూడు వరుసల్లో చెప్పండి. రిఫరీలుగా గైడ్‌తో పాటు ఆయన విభాగం బయటి మనిషి ఒకరుంటే మంచిది. ఇద్దరికీ మీరు ఎక్కడెక్కడ అప్లై చేశారో ముందే మెయిల్ పంపండి.

అప్లై చేసే కాలం కూడా చూసుకోవాలి. జులైలో డెన్మార్క్ దాదాపు మొత్తం సెలవులో ఉంటుంది, డిసెంబరు రెండో సగంలో ఎవరూ పలకరు. ఆగస్టు చివరి నుంచి నవంబరు వరకు, మళ్లీ జనవరి నుంచి మంచి సమయం. యూరప్ కంపెనీలకు కొత్త మనిషి కోసం మూడు నెలలు ఆగడం అలవాటే, వీసాకు టైమ్ పడుతుందని భయపడి దాచకండి.

టెక్నికల్ రౌండ్‌లో ప్రాథమికాలే అడుగుతారు. గాలి కొలిచే 80 మీటర్ల మాస్ట్ డేటా ఉంది, హబ్ 150 మీటర్లు, షియర్ ఘాతాంకం (ఎత్తుతో గాలి ఎలా పెరుగుతుందో చెప్పేది) 0.14 అయితే గాలి ఎంత పెరుగుతుంది? సుమారు 9 శాతం. శక్తి ఘనంతో పోతుంది కాబట్టి దాదాపు 30 శాతం. ఇక్కడ ఆపేసేవాడు మార్కులు పోగొట్టుకుంటాడు. సముద్రతీరంలో రాత్రీ పగలూ ఆ ఘాతాంకం ఒకటే ఉండదని, రేటెడ్ వేగం (టర్బైన్ పూర్తి సామర్థ్యానికి చేరే వేగం) దాటాక ఆ 30 శాతం కరెంటుగా మారదని కూడా చెప్పాలి.

నేరుగా యూరప్ పిలుపు రాకపోతే చెన్నై, బెంగళూరుల్లో ఉన్న విండ్ కంపెనీల ఇంజనీరింగ్ కేంద్రాల్లో చేరి రెండేళ్లకు అంతర్గత బదిలీ అడగడం తక్కువ రకం దారేం కాదు. చాలామందికి అదే సులువు.

దేశాన్ని బట్టి వీసా

కింది వేతన అంకెలు 2025వి. జర్మనీ, డెన్మార్క్, నెదర్లాండ్స్ పరిమితులు ఏటా జనవరిలో మారతాయి, ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు ఆ ఏటి అంకె చూసుకోండి.

డెన్మార్క్: పే లిమిట్ స్కీమ్‌లో ఏడాదికి 5,14,000 క్రోనర్ల జీతం ఉంటే చదువు సంగతే అడగరు. పీహెచ్‌డీ ఉపయోగపడేది పన్ను దగ్గర. పరిశోధకులకు 7 ఏళ్ల పాటు 27 శాతం, దానికి ముందు 8 శాతం లేబర్ మార్కెట్ కాంట్రిబ్యూషన్, కలిపి 32.84 శాతం మాత్రమే ఉండే పథకం ఉంది. పరిశోధకుడిగా ఆమోదం పొందితే ఆ పథకంలోని కనీస జీతం షరతు వర్తించదు. ప్రొవిజనల్ కావాల్సింది అప్పుడు. ఉద్యోగం, డెన్మార్క్‌లో పన్ను బాధ్యత ఒకే సమయంలో మొదలవ్వాలి. ముందే వెళ్లి ఇల్లు అద్దెకు తీసుకుని కూర్చుంటే పథకం చేజారే ప్రమాదముంది.

జర్మనీ: బ్లూ కార్డ్‌కు (ఉన్నత చదువు ఉన్నవాళ్లకిచ్చే వర్క్ పర్మిట్) ఏడాదికి 48,300 యూరోలు. ఇంజనీర్లకు, పట్టా వచ్చి మూడేళ్లు దాటనివాళ్లకు 43,759.80. ఎంటెక్ పట్టాతోనే బ్లూ కార్డ్ వస్తుంది, పీహెచ్‌డీ కోసం ఆగక్కర్లేదు. విదేశీ డిగ్రీల గుర్తింపు చూపే అనాబిన్ డేటాబేస్‌లో మీ యూనివర్సిటీకి హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందనే గుర్తు) ఉందా, మీ డిగ్రీ రకం విడిగా నమోదై ఉందా అని రెండూ చూడాలి. మొదటిది ఉండి రెండోది లేకపోతే విదేశీ పట్టాలను పరిశీలించే జర్మన్ కార్యాలయం జడ్‌ఏబీ నుంచి స్టేట్‌మెంట్ తెప్పించుకోవాలి, దానికి నెలలు పట్టొచ్చు. ఇండియా అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది, కాబట్టి జర్మనీ కోసమంటూ అపోస్టిల్‌కు వేలు పోయకండి. బీ1 స్థాయి జర్మన్ ఉంటే 21 నెలలకు, ఏ1తో 27 నెలలకు శాశ్వత నివాసం అడగొచ్చు.

నెదర్లాండ్స్: 30 ఏళ్లు దాటినవాళ్లకు హాలిడే అలవెన్స్ కాకుండా నెలకు 5,688 యూరోలు, లోపువాళ్లకు 4,171. మున్సిపాలిటీలో నమోదుకు అపోస్టిల్ ఉన్న జనన ధ్రువీకరణ పత్రం అడుగుతారు. మన జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) పాత పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. పేరు చేర్చించి, ఇంగ్లిష్‌లో కొత్త ప్రతి తీసుకుని, అప్పుడు అపోస్టిల్‌కు పంపండి. 30 శాతం పన్ను రాయితీకి చేరిన నాలుగు నెలల్లోపు దరఖాస్తు పడాలి, లేదంటే వెనకటి నెలలవి పోయినట్టే.

బ్రిటన్: 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు. ఉద్యోగానికి సంబంధించిన సైన్స్, ఇంజనీరింగ్ పీహెచ్‌డీ ఉంటే తక్కువ జీతానికీ వీసా వస్తుంది, కానీ విదేశీ డిగ్రీలను సరిచూసే ఎక్టిస్ సంస్థ ధ్రువీకరణ కావాలి. ఇక్కడ మాత్రం పట్టా నిజంగా డబ్బుతో సమానం. టీబీ పరీక్ష అదనం.

డబ్బు అడిగేవాళ్లు

ద్వారకానగర్‌లో మెట్లెక్కి దిగితే విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే బోర్డులు బోలెడు. పీహెచ్‌డీ స్థాయి విండ్ ఉద్యోగాలు ఏజెంట్ల ద్వారా రావు, కంపెనీ వెబ్‌సైట్‌లోనే అప్లై చేయాలి. ఎవరైనా ఏజెంటే అయితే విదేశాంగ శాఖ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చూడండి. చట్టప్రకారం వాళ్లు తీసుకోగల సర్వీస్ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ.

జీడబ్ల్యూఓ (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్) సేఫ్టీ ట్రైనింగ్ చేస్తేనే ఉద్యోగమని మరో ప్రచారం. ఎత్తుల్లో పని, ప్రథమ చికిత్స, అగ్నిప్రమాదం, బరువులెత్తడం, సముద్రంలో ప్రాణరక్షణ నేర్పే మంచి కోర్సే అది. టర్బైన్ ఎక్కేవాళ్లకు తప్పనిసరి. డిజైన్ ఇంజనీర్‌కు సైట్‌కు పంపే ముందు కంపెనీయే తన ఖర్చుతో చేయిస్తుంది. చాలా మాడ్యూళ్ల గడువు రెండేళ్లే కాబట్టి ఇప్పుడు సొంత డబ్బుతో చేస్తే అవసరమయ్యేసరికి చెల్లకుండా పోతుంది.

బయల్దేరే ముందు

అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ రుసుము పత్రానికి 50 రూపాయలే. మిగతాదంతా సేకరణ ఏజెన్సీది. చదువు పత్రాలకు ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ కావాలి, అక్కడే వారాలు పోతాయి. పెళ్లయినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా ఇదే కట్టలో పంపేయండి. గుళ్లో ఇచ్చిన రసీదు పనికిరాదు, రిజిస్ట్రార్ ఆఫీసుదే కావాలి.

సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశంలో ఉండేవాళ్లకు ఇక్కడుండే రూపాయి ఖాతా) మార్పించాలి. ఫెలోషిప్ అరియర్స్ రావాల్సి ఉంటే ఆ కొత్త ఖాతా వివరాలు యూనివర్సిటీ ఫైనాన్స్ సెక్షన్‌కు రాతలో ఇవ్వండి, పాత నంబరుకు పంపి తిరిగొస్తే మళ్లీ ఫైలు కదలదు. ఓడీ తీసుకోవడానికి ఇంట్లో ఒకరి పేరు మీద ఆథరైజేషన్ లెటర్ సంతకం చేసి, ఐడీ కాపీతో ఉంచండి.

అక్కడ మొదటి బస విషయంలో ఒక్కటే చూడాలి: ఆ చిరునామాపై మున్సిపాలిటీ నమోదు చేసుకోనిస్తారా? జర్మనీలో రెండు వారాల్లో నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. చాలా హాలిడే అపార్ట్‌మెంట్లు ఇవ్వవు. నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, పన్ను నంబరు లేకపోతే మొదటి జీతంలో పన్ను కోత బాగా ఎక్కువ పడొచ్చు. ఈ ప్రశ్న అద్దె కట్టాక కాదు, కంపెనీ హెచ్‌ఆర్‌కు బుకింగ్ లింకు పంపి ముందే అడగండి.